శీర్షిక రాయని పాఠం

నేను చెప్పే సంగతిని ఇంతవరకు ఎవరూ చివరిదాకా వినలేదు. మొదటిసారి స్టాఫ్ మీటింగులో మొదలుపెట్టాను, సమోసాలు వచ్చాయి. అందరూ ప్లేట్ల వైపు తిరిగారు. తిన్నాక నా మాట దగ్గరికి మళ్లీ వస్తారేమోనని చూశాను. మీటింగు అయిపోయిందన్నారు. రెండోసారి చెప్పబోతే ప్రిన్సిపాల్ గారి ఫోను మోగింది. ఆయన మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లి, వరండా నుంచి అటే ఇంటికి వెళ్లిపోయారు. మూడోసారి నా పదవీ విరమణ సభలో అడుగుదామని లేచాను. శాలువా కప్పారు, ఫోటో తీశారు, మైకు నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు. "సార్ జర ఎమోషనల్ అయితాండు" అని ఎవరో నా తరఫున సభకు చెప్పారు కూడా. నాకు ఏడుపేమీ రాలేదు. నేను ఒక ప్రశ్న అడగబోయాను. ఆ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది.

హనుమకొండలో ఒక బీఎడ్ కాలేజీలో పనిచేశాను. లెక్కలు చెప్పే పని కాదు, లెక్కలు ఎలా చెప్పాలో చెప్పే పని. మా దగ్గర చేరినవాళ్లు కొన్ని వారాలపాటు నిజమైన బడికి వెళ్లి, నిజమైన పిల్లలకు పాఠాలు చెప్పాలి. దాన్ని టీచింగ్ ప్రాక్టీస్ అంటాం. చివర్లో బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షాధికారి వచ్చి ఒక్కొక్కరి పాఠం చూసి మార్కులు వేస్తారు. అది ఫైనల్ లెసన్. అది గట్టెక్కితేనే పట్టా.

ఈ పాఠాలకు ఒక పద్ధతి ఉంది. టీచరు లోపలికి రాగానే పాఠం పేరు బోర్డు మీద రాయకూడదు. ముందు ప్రేరణ ప్రశ్నలు అడగాలి. ఒక ప్రశ్న మీంచి ఇంకో ప్రశ్నకు పిల్లల్ని నడిపించి, చివరికి ఆ పేరు వాళ్ల నోటితోనే అనిపించాలి. వాళ్లు అన్నాకే రాయాలి. దీనికి శీర్షిక ప్రకటన అని పేరు. ఎవరు పెట్టారో గాని మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. మా చేతుల్లో మాత్రం అది తంతు అయిపోయింది. ఆ మాట నేను ఒక మీటింగులో అన్నాను. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

బస్టాండుకు దగ్గరగా ఉన్న బళ్లకే మా వాళ్లందరూ వెళ్తారు. దిగి నడిస్తే చాలు, పక్కనే టీకొట్టు. ఆ బళ్లలో పిల్లలు ఏటా మా ట్రైనీలను చూసీ చూసీ మాకంటే బాగా శిక్షణ పొందారు. ఒకరోజు నేను వెనక బెంచీలో కూర్చుని ఉండగా ఒక ట్రైనీ మొదటి ప్రశ్న వేశాడు. "పొద్దున ఏం తినొచ్చిండ్రు?" తరగతంతా ఒక్క గొంతుతో "భిన్నాలు!" అని అరిచింది. అతను చంకలో చుట్టిపెట్టుకున్న చార్టు అంచు మీద ఆ మాట కనిపిస్తోంది మరి. అతను "వెరీ గుడ్" అని, సంతోషంగా శీర్షిక రాశాడు. నా పక్కన కూర్చున్న లెక్చరరు ఆ పాఠానికి మంచి మార్కులు వేశాడు. నేను ఆయన వైపు చూస్తే, "టైంకు శీర్షిక వచ్చింది గద సార్" అన్నాడు.

ఇటు ఇలా ఉంటే, ములుగు దాటి అడవిలోకి వెళ్లే దారిలో లెక్కల పోస్టు, సైన్సు పోస్టు ఖాళీగా ఉన్న బడి ఎవరికీ వార్త కాదు. ఎవరైనా వచ్చినా, చేరిన రోజే బదిలీ సంగతి ఆరా తీస్తారు. వాళ్లను నేను పూర్తిగా తప్పుపట్టను. అలాంటి బడిని వాళ్లు ఉద్యోగం వచ్చాకే మొదటిసారి చూస్తారు. మోకాలి లోతు నీళ్లలో ఈత నేర్పి, పరీక్ష పాసు కాగానే ధర్మసాగర్ చెరువులోకి తోసేస్తే మనిషి ఒడ్డు వైపే కదా చూస్తాడు.

నేను అడిగింది చిన్న విషయం. నేర్చుకునేటప్పుడే కొందరిని అక్కడికి పంపండి. బడి మాట ఒకటి, ఇంటి మాట ఒకటిగా పెరిగిన వాళ్లు మన దగ్గరే ఉన్నారు, వాళ్లను వెనక బెంచీలో కూర్చోబెట్టకుండా ముందు పంపండి. అంతే.

"చూద్దాం సార్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఏటా అదే మాట, అదే చిరునవ్వు.

నా ఉద్యోగం ఆఖరి ఏడాదిలో ఆ పని జరిగింది. నా మాట విని కాదు. పట్నం బళ్లలో ఒకటి, "మా పిల్లలకు సిలబస్ అయితలేదు, ఇంతమందిని పంపొద్దు" అని గట్టిగా చెప్పింది. అందరినీ సర్దగా ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరినీ అడవి బడికి వేశారు.

"మీరే అడిగిండ్రు గద సార్, మీరే పోయి చూసుకోండ్రి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

పట్నం బళ్లను చూసి రావడానికి వెళ్లే లెక్చరర్లకు కాలేజీ వ్యాను ఉంది. నడిచి వెళ్లే దూరానికి వ్యాను. నాకు ములుగు దాకా ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి షేర్ జీపు. వ్యాను అడిగితే, "అటు రోడ్డు బాగుండదు సార్, టైర్లు ఖరాబైతయి" అన్నారు. నా మోకాళ్ల గురించి ఎవరూ అడగలేదు.

మిగిలిన ఇద్దరూ ఎవరో చెప్పాలి. ఒకమ్మాయి ఖిలా వరంగల్ నుంచి వచ్చేది. టూరిస్టులు ఫోటోలు దిగే కోట రాళ్లకు వెనక సందులో వాళ్ల ఇల్లు. నాన్న కూలర్లకు, ఫ్యాన్లకు మోటారు వైండింగ్ చేస్తాడు. పదో తరగతి వరకు ఉర్దూ మీడియం చదివి, డిగ్రీకి వచ్చాక తెలుగులో లెక్కలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. అయినా మనసులో లెక్క ఉర్దూలోనే నడిచేది. కాలేజీలో తోటివాళ్ల ముందు పాఠం చెప్పే రోజున బోర్డు దగ్గర నిలబడి, గుణిస్తూ గుణిస్తూ "పాంచ్ చౌకే బీస్" అని పైకే అనేసింది. గది గొల్లుమంది. చూస్తున్న లెక్చరరు ఆమె పేరు పక్కన "భాష మెరుగుపడాలి" అని రాశారు. ఇరవై ఏ భాషలోనైనా ఇరవయ్యే కదా అన్నాను నేను. నా వ్యాఖ్య ఎక్కడా రాయలేదు.

రెండో అతను ఫిజిక్స్ చదివిన కుర్రాడు. తక్కువ మాట్లాడేవాడు. ఏ ఊరు అంటే "ములుగు సైడ్ సార్" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. ఇంగ్లీషు రాదని అతన్నీ బలహీనుల్లో కలిపేశారు.

ఆ బడిలో పెద్దసారు ఒక్కరే. ఆయన తెలుగు టీచరు. లెక్కలూ ఆయనే చెప్పేవారు, రానప్పుడు పిల్లలతో ఎక్కాలు చదివించేవారు. మమ్మల్ని చూడగానే చేతులు పట్టుకుని, "ఎన్ని దినాలుంటరు?" అని మొదట అదే అడిగారు.

మొదటి పాఠం అమ్మాయిది. ఆరో తరగతి, భిన్నాలు. నేను వెనక కూర్చున్నాను. ఆమె తేదీ రాసింది, తరగతి రాసింది, శీర్షిక రాయాల్సిన చోటు ఖాళీగా వదిలింది. చార్టు బల్ల కింద దాచింది. ప్రశ్న మొదలుపెట్టింది.

"మీ ఇంట్ల ఒక్కటే రొట్టె ఉన్నది. నలుగురున్నరు. ఎట్ల పంచుకుంటరు?"

ముందు వరుసలో ఒక పిల్ల లేచింది.

"రొట్టె చెయ్యం మేడం. అన్నమే."

"సరే, అన్నమే అనుకో. ఎట్ల పంచుకుంటరు?"

"నాయినకు ఎక్కువ. పనికి పోతడు గదా."

"తర్వాత?"

"చెల్లెకు. లేకుంటె ఏడుస్తది."

"అందరికీ సమానంగ పంచరా?"

ఆ పిల్ల ఆమె ముఖం వైపు చూసి, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "ఎందుకు?"

ఆ ప్రశ్నకు ఆమె రాసుకొచ్చిన పాఠం ప్లానులో జవాబు లేదు. పట్నంలో ఏ పిల్లా ఆ ప్రశ్న అడగలేదు కనుక మా ప్లానుల్లో దానికి ఎప్పుడూ చోటు లేదు. అమ్మాయి తడబడి ఇంకో ప్రశ్నకు వెళ్లింది. పుచ్చకాయ అంది. జామకాయ అంది. చివరికి మామిడికాయ అంది. అప్పుడు కిటికీ పక్కనున్న ఒకడు, "దొంగతనం జేసిన కాయలైతే సమానమే మేడం. లేకుంటె ఒకడు పోయి చెప్పేస్తడు" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె చెవులు ఒక్క మాట కోసమే ఆగి ఉన్నాయి. ఆ మాట ఎవరూ అనలేదు. గంట కొట్టారు. బోర్డు మీద తేదీ ఉంది, తరగతి ఉంది, వాటి పక్కన ఖాళీ.

జీపు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు ఆమె నాతో అంది. "సార్, వాళ్లు శీర్షిక చెప్పలె. చెప్పకుంట నేనెట్ల రాస్త?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. తెలివైన పిల్లను, పీరియడ్ అంతా ఒక మాట కోసం చేతిలో సుద్దముక్క పట్టుకుని నిలబడేలా తయారుచేసింది మేము. పిల్లలు ఆమెకు ఏం తక్కువ చేశారు? అడిగిన ప్రతి ప్రశ్నకూ నిజం చెప్పారు. నిజం చెప్తే ఏం చేయాలో మేం ఆమెకు నేర్పలేదు.

ఆ సాయంత్రం జీపులో కుర్రాడు మొదటిసారి పూర్తి వాక్యాలు మాట్లాడాడు.

"అక్కా, సమానం అనేది వాళ్లకు బడి మాట. ఇంట్ల ఆ మాట రాదు. నేను గూడ ఆరో తరగతిల గట్లనే కూసున్న."

"నువ్వా? యాడ?"

"ఇటేనక్క. ఈ వాగు అవతల మా గూడెం. ఇంట్ల కోయ భాషనే."

"ఇన్ని దినాలు చెప్పలేదేంది తమ్మీ?"

"చెప్తే ఏం జేస్తరక్కా కాలేజీల? ఓ పారి డ్యాన్స్ చెయ్యమంటరు, యాన్యువల్ డేకు."

ఆమె పగలబడి నవ్వింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఆ నవ్వులో పోయింది. తర్వాత తన సంగతి చెప్పింది. డిగ్రీ మొదటి ఏడాదిలో లెక్చరరు ఏది చెప్పినా తల ఊపేదట. "సమజ్ అయిందా అంటె అయింది అంటుంటి సార్. కాలేదంటె మల్ల అదే మాట గట్టిగ చెప్తుండ్రి. గట్టిగ చెప్తె సమజ్ అయితదా?"

నేను ఏళ్లుగా బోధనా పద్ధతులు చెప్పాను. ఆ జీపులో, ఇప్పపువ్వు మూటల మధ్య ఇరుక్కుని కూర్చుని వాళ్ల మాటలు వింటుంటే, మీటింగుల్లో నేను ఎందుకు అంత పట్టుపట్టానో నాకే ఇంకాస్త స్పష్టమైంది. అర్థం కానప్పుడు తల ఎలా ఊపుతారో తెలిసిన టీచరుకు, తల ఊపుతున్న పిల్ల కనిపిస్తుంది. తల ఊపాల్సిన అవసరం ఎప్పుడూ రాని వాళ్లకు అది క్రమశిక్షణలాగా కనిపిస్తుంది. ఇది పుస్తకంలో చదివి వచ్చే తెలివి కాదు, అలాగని ఊరికే వచ్చేదీ కాదు. ఉన్నవాళ్లలో దాన్ని గుర్తించి, పనికి తేవాలి. దానికే కాలేజీ. మేం మాత్రం దాన్నే "భాష మెరుగుపడాలి" అని రాసి మూస్తాం.

మర్నాడు ఆమె ప్లాను తెరవలేదు. లోపలికి వస్తూనే కిటికీ పక్కవాడిని లేపింది.

"నిన్న దొంగతనం అన్నవు గద. నలుగురు పోయిండ్రు. కాయలు మూడే దొరికినయి. ఇప్పుడు చెప్పు."

తరగతి ఒక్కసారిగా లేచింది. మామిడి పిందెలు కాయలయ్యే రోజులు. బడి గోడ అవతలే చెట్లున్నాయి. ఆ లెక్క వాళ్లలో చాలామంది ఇంతకుముందే చేసి ఉంటారు. ఇంకో కాయ తెంపుకొస్త అన్నాడొకడు. కావలాయన లేచిండు, దొరకదు అంది ఆమె. ఒకడిని వెళ్లగొడదాం అన్నాడు ఇంకొకడు. వాడు పోయి చెప్పేస్తాడని నలుగురు అరిచారు. చివరికి నిన్న "ఎందుకు?" అని అడిగిన పిల్ల లేచింది.

"ఒక్కో కాయను నాలుగు ముక్కలు కోద్దాం మేడం. ప్రతి కాయల మనిషికో ముక్క."

"అప్పుడు ఒక్కొక్కరికి ఎంత?"

"మూడు ముక్కలు."

"మూడు ముక్కలంటే, కాయంతనా, ఎక్కువనా, తక్కువనా?"

"తక్కువనే. ఒక ముక్క తక్కువ."

అమ్మాయి బోర్డు వైపు తిరిగి మూడు రాసి, గీత గీసి, కింద నాలుగు రాసింది. అంతలో కిటికీ పక్కవాడు మళ్లీ లేచాడు.

"మేడం, మరి టెంక ఎవరికి?"

కాయ నాలుగు ముక్కలైతే టెంక ఒక ముక్కలోనే ఉండిపోతుంది కదా. అది వచ్చినవాడికి తినడానికి తక్కువ, చీకడానికి ఎక్కువ. అప్పుడు ముక్కలు సమానమేనా? పీరియడ్ అయిపోయేదాకా ఆ వాదం తెగలేదు. టెంకను పక్కన పెట్టి కోయాలని ఒక వర్గం. లేత కాయకు టెంకే ఉండదని ఇంకో వర్గం. కుర్రాడు గుమ్మంలో నిలబడి వాళ్ల భాషలో ఏదో అడిగాడు. పిల్లలు తలలు తిప్పి ఆశ్చర్యంగా చూశారు. ఆ తర్వాత సగం మంది ఆ భాషలోనే వాదించడం మొదలుపెట్టారు. అంతకుముందు నోరు విప్పనివాళ్లే ఎక్కువ.

"నాలుగు ముక్కలల్ల ఒక ముక్కను ఏమంటరు?" అని చివర్లో అడిగింది అమ్మాయి.

"పావు" అన్నారు. "షాపుల పావుకిలో అంటరు గదా."

"మా ఇంట్ల, ఉర్దూల గూడ పావే" అంది ఆమె. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఉన్న ధీమా కాలేజీలో నేను ఎప్పుడూ వినలేదు. శీర్షిక ఆ రోజూ రాయలేదు. రాయాలని నాకూ గుర్తు రాలేదు.

వారాలు గడిచాయి. కుర్రాడు పెద్దసారును బతిమాలి సైన్సు పెట్టె తాళం తీయించాడు. ఎవరో ఎప్పుడో పంపిన భూతద్దాలు అందులో కాగితం కూడా విప్పకుండా ఉన్నాయి. పిల్లలు వాటితో చీమల్ని, గోళ్లను, పెద్దసారు మీసాన్ని చూశారు. అమ్మాయి సాయంత్రాలు ఆగి పెద్ద తరగతికీ లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. మేము వచ్చేసే రోజున పెద్దసారు నాతో అన్నారు. "పట్టా చేతికొస్తె చాలు సార్. పోస్టు ఖాళీ ఉన్నది, టెంపరరీగ తీసుకునే వీలున్నది. ఈ బిడ్డ అయితె నేను రేపే రమ్మంట." అమ్మాయి అక్కడే ఉంది. వస్తాననలేదు, రాననలేదు. బస్సులో మాత్రం ములుగులో ఆడపిల్లలు ఉండడానికి గదులు దొరుకుతాయా అని కుర్రాడిని అడిగింది.

ఇక ఫైనల్ లెసన్. పరీక్షాధికారిని అడవి బడికి తీసుకురమ్మని అడిగాను. అమ్మాయి పాఠాలు చెప్పిన పిల్లల దగ్గరే ఆమె పాఠం చూడాలి కదా.

"ఎండలు సార్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఆయనకు షుగర్ ఉన్నది. పగటీలి భోజనానికి ఇక్కడుండాలె. జర సమజ్ చేసుకోండ్రి."

భోజనం సంగతి అందరికీ తెలిసిందే. ఫైనల్ లెసన్ రోజున ట్రైనీలంతా కలిసి బిర్యానీ పెట్టడం ఆనవాయితీ. పాఠాలన్నీ బిర్యానీ చల్లారకముందే అయిపోవాలి. కాబట్టి అందరూ కాలేజీ పక్క బడిలోనే, ఎన్నడూ చూడని పిల్లలకు, వరసగా పాఠాలు చెప్పారు. అమ్మాయికి ఆరో తరగతి ఇచ్చారు. ఆమె మొదటి ప్రశ్న సగంలో ఉండగానే పిల్లలు "భిన్నాలు!" అని అరిచారు.

అక్కడ సుద్దముక్క ఎత్తి ఆ మాట రాస్తే సరిపోయేది. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"భిన్నం అంటే ఏంది?"

ముందు బెంచీలో ఒకడు ఆమె మీద జాలితో, గొంతు తగ్గించి చెప్పాడు. "మేడం, అది అడగొద్దు. మేం శీర్షిక చెప్పినం. ఇగ మీరు రాయాలె."

ఆమె నవ్వి, వాడి పక్కన కూర్చుని, దొంగతనానికి వెళ్లిన నలుగురి కథ మొదలుపెట్టింది. పట్నం పిల్లలు మొదట అనుమానంగా చూశారు. పరీక్షలో ఇలాంటివి రావని వాళ్లకు తెలుసు. తర్వాత ఒకడు లేచాడు, ఇంకొకడు లేచాడు. పరీక్షాధికారి ఫైలు పట్టుకుని లోపలికి వచ్చేసరికి తరగతి టెంక దగ్గరికి చేరింది. గోల గోలగా ఉంది. ఆయన బోర్డు చూశారు. చార్టు చూశారు, అది చుట్టినట్టే ఉంది.

"అమ్మా, శీర్షిక ప్రకటన ఏది?"

"వాళ్లు చెప్పిండ్రు సార్. కని వాళ్లకు అదేందో తెల్వదు."

"మీరు రాయలేదు కదా?"

"తెలిసినంక రాద్దామనుకున్న సార్."

ఆయన ఏదో రాసుకుని పక్క గదికి వెళ్లారు. అక్కడ కుర్రాడు శీర్షిక రాసి, చార్టు వేలాడదీసి, పాసయ్యాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి తల దించుకుని, "నాకు ఇంకో ఏడాది ఆగే ఓపిక లేదు సార్" అన్నాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అమ్మాయి పాఠం "సోపానాలు పాటించలేదు, మళ్లీ ఇవ్వాలి" అని తేల్చారు. భోజనాల దగ్గర ఆ సంగతి అడిగాను. నా కుర్చీ చేతులు కడుక్కునే కుళాయి పక్కన వేశారు, అదీ చెప్పి తీరాలి. మాట్లాడుతున్నంతసేపూ నా భుజం మీద నీళ్లు చింది పడుతూనే ఉన్నాయి. పరీక్షాధికారి చేతులు తుడుచుకుంటూ, "మీరు రిటైర్ అయ్యేటోళ్లు సార్. మీకెందుకు ఇంత ఫికర్?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. బళ్లు తెరిచారు. అడవి బడిలో ఆ పిల్లలు ఏడో తరగతికి వచ్చారు. లెక్కల పోస్టు ఖాళీగానే ఉంది. పెద్దసారు ఎక్కాలు చదివిస్తున్నారు. అమ్మాయి మళ్లీ ఇవ్వాల్సిన పాఠం ఈ నెలలోనే, మళ్లీ కాలేజీ పక్క బడిలోనే, అదే ఆరో తరగతిలోనే అన్నారు.

మొన్న ఆమె వాళ్ల అమ్మతో మా ఇంటికి వచ్చింది. వాళ్లమ్మ బురఖా సర్దుకుని కుర్చీ అంచున కూర్చుని, నేను చెప్పేది తీర్పు అన్నట్టు నా వైపే చూస్తోంది.

"సార్, రెండో ప్రశ్నకు శీర్షిక రాసేస్తే పాస్ అయిత. ప్రిన్సిపాల్ సార్ గూడ అదే చెప్పిండు. రాయమంటరా?"

"రాయి బిడ్డా" అన్నాను. "రాసి పాస్ కా. నా కొట్లాట నాది. దానికి నీ ఏడాది ఎందుకు?"

వాళ్లమ్మ అమ్మయ్య అనుకుని లేచింది. అమ్మాయి మాత్రం లేవలేదు.

"అట్ల పాస్ అయి ఆడికి పోతె, ఆ పిల్ల మల్ల ఎందుకు అని అడిగితె, నా చెయ్యి శీర్షిక దిక్కే పోతది సార్. ఇన్ని దినాలు కష్టపడి మర్చిపోయిన. మల్ల నేర్చుకోమంటరా?"

నేను చెప్పులు వేసుకుని వాళ్లిద్దరినీ గేటు దాకా సాగనంపాను.

వాళ్లు వెళ్లిపోయాక గేటు దగ్గర నిలబడి ఆలోచించాను. ఆమె అడిగింది నన్ను కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు ఇంతవరకు ఎన్నడూ జవాబు చెప్పలేదు. అందుకే ఇది రాశాను. ఇక్కడ సమోసాలు రావు, మైకు లాక్కోవడం కుదరదు.

ప్రిన్సిపాల్ గారూ, పరీక్షాధికారి గారూ, ఇది మీ ఇద్దరికీ. ఆమె పాఠం ఈ నెలలోనే చూడండి, కాని అడవి బడిలో, ఆమె పిల్లల దగ్గర చూడండి. ఇప్పుడు ఎండలు లేవు. ములుగు దాకా బస్సుంది, అక్కడి నుంచి జీపుంది, ఆ జీపులో ముందు సీటు మీకే ఇప్పిస్తాను, నేను మూటల మధ్య కూర్చుంటాను. భోజనం వేళకు మీకు షుగరుకు సరిపడే జొన్నరొట్టె నేను ఇంటి నుంచి తెస్తాను. వెనక బెంచీలో కూర్చుని, టెంక ఎవరికో ఆ పిల్లలు తేల్చేదాకా వినండి. విన్నాక కూడా ఆమెకు బోధన రాదని మీకు అనిపిస్తే, ఆ మాట ఆ పిల్లల ముందే అనండి. నేను నోరు మూసుకుంటాను.

వస్తారా, రారా? "చూద్దాం" అనొద్దు. వస్తామనో, రామనో ఒక్క మాట చెప్పండి. ఆ పిల్లలు లెక్కల పీరియడ్‌లో ఖాళీగా కూర్చున్నారు. ఆమె సంచి సర్దుకుని కూర్చుంది. నేను గేటు దగ్గరే ఉన్నాను. జవాబు చెప్పండి.